కంప్యూటర్‌కు దసరా పూజ

2011లో ఎల్లారెడ్డిలో డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్నాను. మా ఇంటికి కొత్తగా వచ్చిన కంప్యూటర్‌కి మా నాయనమ్మ దసరా రోజు ఘనంగా పూజ చేసింది. ఆమెను మేం అవ్వ అంటాం.

మర్నాడు ఆన్ చేస్తే గరగరమని ఆగిపోయింది. ఎన్నిసార్లు చేసినా అంతే! సెలవులు ముగియగానే ఇవ్వాల్సిన ప్రాజెక్టంతా అందులోనే ఉంది. సీపీయూను చెద్దరులో చుట్టి, ఒళ్లో పెట్టుకుని కామారెడ్డి బస్సెక్కాను. "నా పూజల ఏం తక్కువైందో" అంటూ అవ్వా బయల్దేరింది.

ఇక కొత్తది కొనాల్సిందేనని నేను అక్కడి కంప్యూటర్ షాపులో ఒక్కొక్కటీ చూస్తుంటే, మెకానిక్ అన్న మా సీపీయూ మూత విప్పి పక్కకు వంచాడు. జలజలా అక్షింతలు రాలాయి! ఫ్యాన్ రెక్కల మధ్యా అవే!

"ఏందవ్వా, దీనికి పెండ్లి చేసినవా?" అన్నాడు. షాపంతా గొల్లుమంది. నేను సిగ్గుతో తలెత్తలేదు.

"దానికి బొక్కలున్నయని నాకేమెర్క బిడ్డా! సల్లగుండాలెనని ఏసిన" అంది అవ్వ.

ఫ్యాన్ శుభ్రం చేసి, షాపులోని మానిటర్‌కి కలిపి స్విచ్ వేయగానే తెర వెలిగింది. నా ప్రాజెక్టు భద్రం! ఆ సంబరంలో అవ్వ బల్లమీది అక్షింతలు గుప్పిట పట్టింది. "వద్దవ్వా!" అంటూ మెకానిక్, నేను ఒక్కసారే అరిచి సీపీయూకి చేతులడ్డం పెట్టాం. ఆమె నవ్వి మా ఇద్దరి నెత్తిన చల్లింది.

ఇప్పటికీ దసరాకి కంప్యూటర్‌మీద తువ్వాలు కప్పాకే అవ్వ చేతికి అక్షింతలిస్తాం.