పెద్దమ్మ చెప్పిన మొదటి అబద్ధం

రైల్వేస్టేషన్లో విచారణ కిటికీ వెనక ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చున్న మనిషికి నిజం చెప్పడం అలవాటైపోతుంది. బండి రెండు గంటలు లేటంటే లేటే. జనం తిట్టేవారు, పక్క కిటికీలో అడిగి అదే మాట విని, మళ్ళీ వచ్చి తిట్టేవారు. ఆవిడ మాట మార్చేది కాదు. రిటైరైన రోజున స్టేషన్ మాస్టరు, "మీరు వెళ్ళిపోతుంటే గుండె బరువెక్కుతోంది" అంటే, "నిరుడు నన్ను బదిలీ చెయ్యమని రాసింది మీరేగా" అని అందరి ముందూ గుర్తు చేసింది.

ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, చర్చివాళ్ళు నడిపే ఆశ్రయ గృహంలో పనికి కుదిరింది. ఇల్లు లేని ఆడవాళ్ళూ, ఇల్లుండీ అందులో ఉండలేని ఆడవాళ్ళూ, వాళ్ళ పిల్లలూ తలదాచుకునే చోటది. తలుపు పక్కన బల్ల, బల్లమీద రిజిస్టరు, బల్ల వెనక ఆవిడ. వారం తిరక్కుండానే అందరికీ పెద్దమ్మైపోయింది.

గృహం నడిపే సిస్టర్ మొదటిరోజే చెప్పింది. "లోపల ఎవరున్నారో బయటివాళ్ళకి చెప్పకూడదు పెద్దమ్మా. మొగుడొచ్చినా, అన్నొచ్చినా, పాస్టరుగారొచ్చినా సరే."

"చెప్పను. కానీ ఉన్నవాళ్ళని లేరని మాత్రం అనలేనమ్మా. అబద్ధం నా నోట రాదు."

"మరేమంటారు?"

"వివరాలు ఇవ్వబడవు అంటాను."

ఆ రెండు మాటలతో రెండేళ్ళు గడిచిపోయాయి. మీసం మెలేసినవాళ్ళూ, కాళ్ళమీద పడ్డవాళ్ళూ, అందరూ అవే విని వచ్చిన దారి పట్టారు.

ఒక సోమవారం పొద్దున కళ్ళజోళ్ళ షాపతని భార్య వచ్చింది. చంకలో పసివాడు, వేలు పట్టుకుని ఆరేళ్ళ కూతురు, ఎడమచేతికి కట్టు. పెద్దమ్మ ఆవిణ్ణి గుర్తుపట్టింది. తను వెళ్ళే చర్చిలో పాటలు నడిపించేది ఆ షాపతనే. అతను ప్రార్థన చేస్తే రాళ్ళు కరుగుతాయని పేరు. పెద్దమ్మ ముక్కుమీది జోడు కూడా అతను అమర్చిందే.

"చేతికేమైంది?"

"మెట్లమీంచి జారాను పెద్దమ్మా."

పెద్దమ్మ రాయబోయి ఆగింది. వాళ్ళింటికి ప్రార్థన కూటానికి రెండుసార్లు వెళ్ళింది. ఆ ఇంటికి మెట్లు లేవు.

"ఎవరి మెట్లమ్మా?" అని అడిగింది.

ఆ అమ్మాయి ఏడ్చేసింది. పెద్దమ్మ రిజిస్టర్లో ఆ గడి ఖాళీగా వదిలేసి, పసివాణ్ణి ఎత్తుకుని లోపలికి దారి చూపించింది.

గురువారం మధ్యాహ్నం అతనే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తడిదువ్వెనతో దువ్విన తల.

"మా ఆవిడ ఇక్కడికొచ్చిందా పెద్దమ్మగారూ?"

"వివరాలు ఇవ్వబడవు."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మిగతావాళ్ళకి ఆ మాట సరే. మీ సంగతి నాకు తెలీదా? మీరు చచ్చినా అబద్ధమాడరు. లేదని ఒక్కమాట అనండి, వెళ్ళిపోతాను. అనలేకపోతే ఉందని అర్థం చేసుకుంటాను."

పెద్దమ్మకి సంగతి అర్థమైంది. జీవితమంతా చెప్పిన నిజాలన్నీ పోగుచేసి ఇతను తాడు పేని తెచ్చాడు. జోడు తీసి రుమాలుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"లేదు," అంది.

పిడుగేమీ పడలేదు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది.

అంతలో లోపల్నుంచి ఒక పిల్ల నవ్వు వినిపించింది. అతను తల తిప్పాడు. "మా పాప గొంతులా ఉందే?"

"ఇక్కడ పదకొండుమంది పిల్లలున్నారు బాబూ. నవ్వితే అందరిదీ ఒకటే గొంతు."

మొదటి అబద్ధం ముల్లులా గుచ్చుకుంది గానీ, రెండోది మంచినీళ్ళంత సులువుగా వచ్చేసింది. అతను నమ్మాడు. నమ్మక చస్తాడా, చెప్పింది పెద్దమ్మ. వెళ్ళేముందు ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుని, "దేవా, నా భార్యాబిడ్డల్ని క్షేమమైన చోటికి చేర్చు" అన్నాడు.

"ఆమేన్," అని పెద్దమ్మ గట్టిగా అంది. అందులో అబద్ధమేమీ లేదు.

అతను వీధి మలుపు తిరిగాక వెళ్ళి సిస్టర్ ముందు నిలబడింది. "రెండు అబద్ధాలు చెప్పాను. నన్ను పనిలోంచి తీసెయ్యండి."

సిస్టర్ జరిగిందంతా విని, "చెప్పడానికి ఎంతసేపు పట్టింది?" అంది.

"జోడు తుడుచుకునేంత."

"ఈసారి అంతసేపు తీసుకోకండి," అని సిస్టర్ తన పనిలో పడిపోయింది.

ఆ రాత్రి పెద్దమ్మ అన్నం కలిపి, తినకుండానే మూతపెట్టింది. దేవుడితో మాట్లాడదామని మోకరించి, ఏం చెప్పాలో తోచక, మోకాళ్ళు నొప్పి పుట్టాక లేచింది.

రెండు నెలలు గడిచాయి. గృహం వాళ్ళే ఆ అమ్మాయికి వకీలుని చూసిపెట్టారు. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికేచోట పని దొరికింది. ఊరి అవతలి కొసన ఒక గది తీసుకుంది, కూతురు అక్కడి బళ్ళో చేరింది. మొగుడు గడప తొక్కకూడదని కోర్టు కాగితమిచ్చింది. కేసు విచారణలో అతనికి తెలిసింది, ఆ గురువారం తన పెళ్ళాం మూడు గదుల అవతల బీన్స్ తరుగుతోందని.

ఆదివారం ఆరాధన ముగియబోతుండగా అతను అందరి ముందూ లేచాడు. "ఈవిడ దేవుడి పని చేసేచోట కూర్చుని నాతో అబద్ధమాడింది."

సంఘ పెద్ద, మెత్తటి మనిషి, ఇబ్బందిగా అడిగాడు. "నిజమేనామ్మా?"

"నిజమేనండి. రెండు చెప్పాను. ఆయనకి ఒకటే గుర్తున్నట్టుంది."

"పశ్చాత్తాపం...?"

పెద్దమ్మ బాగా ఆలోచించింది. "ఇంకా రాలేదండి. వస్తే చెబుతాను."

ఎవరో నవ్వబోయి దగ్గారు. సంఘ పెద్ద ముగింపు ప్రార్థన ఎత్తుకున్నాడు. షాపతను పాటల పుస్తకం మూసి వెళ్ళిపోయాడు, పై ఆదివారం నుంచి ఇంకో చర్చికి మారాడని విన్నారు.

ఆరోజు పెద్దమ్మ బయట చెప్పులు వేసుకుంటుంటే పాటల బృందంలో వెనక వరసలో నిలబడే ఒకావిడ పక్కకి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆవిడ పెద్దమ్మతో నాలుగు మాటలు మాట్లాడి ఉండదు.

"పెద్దమ్మా, మీ గృహానికి ఏ బస్సెక్కాలి?"

పెద్దమ్మ నంబరు చెప్పింది. ఎక్కడ దిగాలో చెప్పింది. ఎవరికోసమని అడగలేదు.