హీరోకి నిద్ర చాలడం లేదు

నేను సినిమాలకి మాటలు రాస్తాను. ప్రేమ సన్నివేశం కుదరకపోతే ఫిల్మ్‌నగర్‌లో ముందు నాకే ఫోన్ చేస్తారు. ముక్కూ మొహం తెలియని ఇద్దర్ని రెండు సీన్లలో ఒకరి కోసం ఒకరు అల్లాడిపోయేలా చేయగలను. అలాంటి నాకు, యాభై దగ్గరపడుతుండగా, ఇంట్లో కోరిక కరువైంది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని.

మా ఆవిడ బోరబండ దగ్గర బళ్లో లెక్కల టీచరు. ఆమెది హైదరాబాదే, నాది తెనాలి వైపు. ఇష్టపడి చేసుకున్నాం. నేను అటు తిరిగి పడుకోవడం మొదలయ్యాక కొన్నాళ్లు వెక్కిరించింది, తర్వాత ఊరుకుంది. ఒక ఆదివారం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తలెత్తకుండా అడిగింది.

"నేనంటే మొకం మొత్తిందా? ఉన్నది ఉన్నట్టు చెప్పు. నేనేమనుకోను తియ్."

"పని ఒత్తిడే," అన్నాను. ఆ మాటని నేను రాసిన సినిమాల్లో కూడా ఏ భార్యా నమ్మలేదు.

నిజానికి నాకు భయంగా ఉంది. నాలో మగాడి కథ అయిపోయిందనుకున్నాను. చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే మనిషి దూరమైపోయేలా ఉంది.

మా కథాచర్చల్ని సిట్టింగులంటారు. అవి పొద్దుపోయాక మొదలై తెల్లారేదాకా సాగుతాయి. మాకు మధ్యాహ్నమే పొద్దున. ఒకసారి అలాంటి సిట్టింగు ముగిశాక ఆఫీసు సోఫాలో కునుకు తీసి, బిర్యానీ తిని, సాయంత్రం జూబ్లీహిల్స్‌లో ఒక ల్యాబుకి వెళ్లి టెస్టోస్టిరాన్ పరీక్షకి రక్తం ఇచ్చాను. తక్కువని వచ్చింది. ఆ వారం నేను రాసిన ప్రేమ సీను చదివి మా దర్శకుడు, "ఏంటి గురువుగారూ, హీరో సంతాప సభకి వచ్చినట్టున్నాడు?" అన్నాడు.

హార్మోన్ల డాక్టరు దగ్గరికి వెళ్తే ఎదురుగా మా పిన్ని వయసున్న పెద్దావిడ కూర్చుని ఉంది. ఆ డాక్టరమ్మతో ఈ సంగతెలా చెప్పను? చివరికి వృత్తే ఆదుకుంది. "కథ రాస్తున్నానండీ. మా హీరోకి యాభై దగ్గరపడ్డాయి," అని మొదలుపెట్టి, మొత్తం చెప్పాను. నిర్మాతలు కూడా అంత శ్రద్ధగా వినరు.

"మీ హీరో రక్తం ఎప్పుడిచ్చాడండీ?" అంది.

"సాయంత్రమండీ."

"ముందురోజు పడుకున్నాడా?"

"లేదండీ. సిట్టింగు."

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ హార్మోన్ నిద్రలో పెరిగి ఉదయానికి బాగా ఉంటుందనీ, పొద్దు వాలేకొద్దీ తగ్గుతుందనీ, అందుకే పొద్దున్నే పరగడుపున పరీక్ష చేయించుకోవాలనీ, అదీ ఒక్కసారితో తేల్చకూడదనీ చెప్పింది. హీరో ఏం మందులు వాడతాడో, ఎంత తాగుతాడో కూడా అడిగింది.

"అయినా కోరికంతా ఆ ఒక్క హార్మోన్‌లోనే లేదండీ. మెదడులో డోపమిన్ అని ఒకటుంది. ఇష్టమైనదాని వైపు మనిషిని లాగేది అదే. నిద్ర లేక, దిగులుతో ఉన్నప్పుడు కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరుగుతుంది. అప్పుడు మెదడు ముందు గండం గట్టెక్కడమే చూసుకుంటుంది. భయపడేవాడికి సరసమెలా తోస్తుంది?" అని, కళ్లజోడు తీసి, "ఇంతకీ హీరోయిన్‌కి ఈ సంగతి తెలుసా?" అంది.

"లేదండీ. సెకండాఫ్‌లో చెబుదామని."

"ఇవాళే చెప్పించండి."

ఇంటికొచ్చి చెప్పేశాను. బిర్యానీ తిని రక్తమిచ్చిన సంగతి దగ్గర పకపకా నవ్విన మా ఆవిడకి, చివరికొచ్చేసరికి కళ్లు నిండాయి.

"నాలో ఏం తక్కువైందో అని రోజు అద్దంల చూసుకుంటున్న. జుట్టుకు రంగు గూడ ఏసుకుంటున్న. నువ్వు చూడనే లేదు."

చూడలేదు. కథానాయికల కళ్ల మీద పేజీలకి పేజీలు రాసే నాకు మా ఆవిడ జుట్టు కనబడలేదు. సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా ఆమె మీద ప్రేమ పొంగింది.

"రంగు బాగుంది," అన్నాను.

"గిప్పుడా?" అంది ముక్కు తుడుచుకుంటూ.

ఇకనుంచి సిట్టింగులకి పొద్దున్నే వస్తానని ప్రకటించాను. నాకు వేరే సినిమా దొరికిందని పుకారు పుట్టింది. "పొద్దున్నే కథలేం తడతాయండీ?" అని దర్శకుడు సణిగాడు. తట్టాయి. అంతకంటే ముందు నిద్ర పట్టింది, ఆకలి వేసింది. సాయంత్రాలు బడి కబుర్లు వింటూ ఆమె ఎంత బాగా నవ్వుతుందో మళ్లీ చూశాను.

కొన్ని వారాల తర్వాత, ఆమెకి సెలవు రోజున, ఇద్దరం పొద్దున్నే పరగడుపున ల్యాబుకి వెళ్లాం. రక్తం ఇచ్చాక రోడ్డు పక్క బండి మీద వేడివేడి ఇడ్లీ తిన్నాం. ఇంటికొచ్చి తలుపు వేశాక కూడా ఆమె నా చేయి వదల్లేదు. నేనూ వదిలించుకోలేదు.

ఎప్పుడో ఫోను మోగింది. రిపోర్టేమోనని చేయి చాపాను.

"గా ఫోను గాడ పెట్టు," అంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర గుర్తొచ్చి తెరిచాను. అంతా మామూలుగానే ఉంది. ఆమెకి చూపించబోతే, లెక్కల టీచరు కదా, దిద్దిన పేపరు మళ్లీ చూడనన్నట్టు మొహం తిప్పుకుంది.

"నా మార్కులు నేను పొద్దుగాలనే ఏసిన," అని, నాకు ఇంకో గరిటె పప్పు వడ్డించింది.