వియ్యపురాలి గొట్టం

ఆ రోజుల్లో నన్ను ఎవరైనా "ఎక్కడ పనిచేస్తున్నావమ్మా?" అని అడిగితే, అడిగినవాళ్ళ ముఖం చూసి జవాబు చెప్పేదాన్ని. బస్సులో పక్కన కూర్చున్నావిడకి "పలాసలో, పర్యావరణం". కాలేజీలో నాతో చదివినవాళ్ళకి "ఫీల్డ్ వర్క్". టెక్కలిలో మా వీధివాళ్ళ బెడద నాకు ఉండేది కాదు, వాళ్ళకి మా అమ్మే ముందుగా చెప్పేసేది ("మా పిల్ల గవర్నమెంటోలికి సలహాలు సెప్తాదండీ" అని). నిజానికి నేను పనిచేసింది చెత్త దిబ్బ మీద. అదీ మూసేసిన చెత్త దిబ్బ. పలాస ఊరి బయట, జీడితోటల మధ్య, మున్సిపాలిటీ ట్రాక్టర్లు ఏళ్ళ తరబడి తెచ్చి పోసిన చెత్తనంతా ఒకచోటికి నెట్టి, గుట్టగా సర్ది, మీద నల్లటి ప్లాస్టిక్ పట్టా పరిచి, బంకమట్టి కప్పి, గడ్డి నాటారు. దూరం నుంచి చూస్తే పచ్చటి కొండలా ఉండేది. పూడ్చేశాం కదా, ఇక గొడవ వదిలిందనుకుంటాం గానీ చెత్త అలా ఊరుకోదు. లోపల కుళ్ళుతూనే ఉంటుంది. గాలి వదులుతుంది, నల్లటి నీరు కారుస్తుంది, ఒకచోట కుంగుతుంది, మరోచోట పగులుతుంది. అలా అది చేసే ఆగడాలన్నీ చూసి, కొలిచి, సరిచేయించి, అంతా నిబంధనల ప్రకారమే ఉందని పైవాళ్ళకి చూపించాలి. ఆ పనికి ఒక ప్రైవేటు సంస్థని పెట్టారు, ఆ సంస్థ నన్ను పెట్టింది. అది నా మొదటి ఉద్యోగం.

సాయంత్రం ఇంటికి చేరితే మా అమ్మ వీధి గుమ్మంలోంచి రానిచ్చేది కాదు. "పెరట్లోంచి రా, అక్కడే ఆగు" అని గోడ అవతల నుంచే కేకేసి, బకెట్టు నీళ్ళు నెత్తిన కుమ్మరించాకే గడప దాటనిచ్చేది. "అమ్మా, అది గడ్డి కొండే. వాసన లేదు" అంటే, "వాసన నీకు తెలీదే, నీ ముక్కు ఎప్పుడో సచ్చిపోనాది" అనేది. (ఆవిడ మాట నిజమే. ఆ ఏడాదంతా ఇంట్లో చింతపండు పులుసు ఉడుకుతోందో కందిపప్పు ఉడుకుతోందో కూడా నాకు తెలిసేది కాదు.)

దిబ్బ మీద నాకు తోడు ఒకే ఒక్క మనిషి, అక్కడి కాపలాదారు. వయసులో మా నాన్న కంటే పెద్దవాడే గానీ, మొదటి రోజే "బాబాయ్ అను, ఇక్కడ వరసలు నానే పెడతాను" అన్నాడు. సన్నటి మనిషి, ఎడమ చేతి నరం ఉబ్బి తాడులా పైకి కనిపించేది. రోజు విడిచి రోజు పలాస ఆసుపత్రికి వెళ్ళి డయాలసిస్ మిషను మీద పడుకుని వచ్చేవాడు. మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీలు పాడైనవాళ్ళు లేని ఊరు తక్కువ కాబట్టి నేనేమీ అడగలేదు, ఆయనా ఏమీ చెప్పలేదు. మిషను నుంచి వచ్చిన మర్నాడు మాత్రం మహా హుషారుగా ఉండేవాడు. "నిన్న నా రగతం ఉతికి ఆరేసినారమ్మీ, ఈయేల సూడు ఎలగున్నానో!" అని దిబ్బ వాలు మీద నాకంటే ముందు ఎక్కిపోయేవాడు.

వరసలు తానే పెడతానన్నది వట్టి మాట కాదు. దిబ్బ లోపలి గాలి బయటికి పోవడానికి అక్కడక్కడా ఇనప గొట్టాలు పాతారు. వాటికి అంకెలు వేసి ఉన్నాయి గానీ బాబాయి ఆ అంకెల జోలికి పోయేవాడు కాదు. ఎప్పుడు చూసినా సన్నగా ఏదో ఒకటి వదులుతూ ఉండే గొట్టం పెద్దత్త. ఎండాకాలమంతా నోరు మూసుకుని, వాన పడగానే గుర్రుమనేది మేనమావ. ఎన్నిసార్లు నిలబెట్టినా మళ్ళీ పక్కకి వాలిపోయేది బావమరిది. ఇక తూర్పు అంచున ఉన్నది వియ్యపురాలు. దానికి ఏం చేసినా తృప్తి ఉండేది కాదు. గాలి కొలిచే మీటరు పెడితే ముల్లు ఎగిరిపడేది, గాలి ఏ దిక్కుకి వీచినా దాని కంపు నేరుగా మన ముఖానికే కొట్టేది. "నా కూతురి పెళ్ళిలో కూడా అంతేనమ్మీ, ఎంత మరియాద సేసినా ఆవిడ మూతి తిప్పుడే" అనేవాడు బాబాయి. కొన్నాళ్ళకి నాకూ అదే అలవాటైంది. పొద్దున్నే కొలత సంచీ భుజాన వేసుకుని, "ముందు పెద్దత్తని చూసొద్దాం బాబాయ్" అని బయలుదేరేదాన్ని.

దిబ్బ కింద పల్లంలో పరీక్ష కోసం తవ్విన బోరు ఒకటి ఉండేది. దిబ్బలోని మురుగు భూమిలోకి దిగి నీళ్ళని పాడుచేస్తోందేమో చూడటానికి అప్పుడప్పుడూ ఆ నీళ్ళు సీసాల్లో పట్టి, ఐసు పెట్టెలో సర్ది, ల్యాబుకి పంపేవాళ్ళం. ఫలితాలు వచ్చిన రోజున బాబాయి గేటు దగ్గరే ఎదురొచ్చేవాడు. "ఏటైనా దొరికిందా అమ్మీ?" అని అడిగేవాడు. నేను పరీక్ష పాసైన పిల్లలా మొహం వెలిగించుకుని, "ఏమీ లేదు బాబాయ్! అన్నీ హద్దులోనే ఉన్నాయి" అనేదాన్ని. ఆయన "అలగా" అని, తువ్వాలు దులుపుకుని, అటు తిరిగి వెళ్ళిపోయేవాడు. ఆ పూట ఇక మాట్లాడేవాడు కాదు. మిషను నీరసం కాబోలనుకునేదాన్ని.

ఇలా ఉండగా పై ఆఫీసు నుంచి తనిఖీకి అధికారి వస్తున్నాడని కబురు వచ్చింది. మా మేనేజరుకి (ప్రతి ఫోనూ "అర్జంటు" అనే మొదలుపెడతాడు గనక మా ఇద్దరికీ ఆయన అర్జంటు సారు) ఆ వారమంతా కంటి మీద కునుకు లేదు. గడ్డి కోయించాం. ఎలుక బొరియలు పూడ్పించాం. జీడిపిక్క ఎక్కడ పడితే అక్కడ మొలిచే ఊరు కదా, దిబ్బ మీద మొలిచిన జీడి మొక్కలన్నీ పీకించాం, వాటి వేళ్ళు పట్టాని చీల్చేస్తాయని. వియ్యపురాలి మూతి మీది ఇనప టోపీ తుప్పు పడితే తీయించి కొత్తది బిగించాం. అధికారికి ఏమేం చెప్పాలో నేను అద్దం ముందు నిలబడి వల్లె వేశాను. మా అమ్మ గుమ్మంలో నిలబడి, "ఏటే, నాటకాల్లో సేరినావేటి?" అంది.

అధికారి వచ్చాడు. తక్కువ మాట్లాడే మనిషి, కళ్ళజోడు పైనుంచి చూస్తాడు. అర్జంటు సారు ఆయనకి ఒక పక్క గొడుగు పట్టుకుని నడుస్తుంటే, నేను రెండో పక్క మీటరు పట్టుకుని నడిచాను. బాబాయి వెనకాల. అంతా బాగానే జరుగుతోంది. తూర్పు అంచుకి చేరాక అధికారి ఆగి, "ఇక్కడ పోయినసారి గ్యాస్ ఎక్కువ కదా, ఇప్పుడెలా ఉంది?" అన్నాడు. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "వియ్యపురాలు ఇప్పుడు శాంతించింది సార్. టోపీ మార్చాం."

అధికారి కళ్ళజోడు తీశాడు. "ఎవరి వియ్యపురాలు?"

సర్దుకుందామని, "బాబాయిది సార్" అన్నాను.

అర్జంటు సారు చేతిలో గొడుగు గాలికి తిరగబడింది. బాబాయి ముందుకొచ్చి చేతులు కట్టుకుని, "తప్పు పాపది కాదు బాబూ, పేర్లు పెట్టింది నాను" అన్నాడు. అప్పుడు అధికారి నవ్వాడు. ఆ నవ్వు చిన్నగా మొదలై, ఆయన పొట్ట పట్టుకునేదాకా పోయింది. "మిగతా చుట్టాలని కూడా చూపించు" అన్నాడు. ఆ తరవాత తనిఖీ పెళ్ళిచూపుల్లా సాగింది. బాబాయి ఒక్కొక్కరినీ పరిచయం చేశాడు. బావమరిది వాలి ఉండటం చూసి అధికారే, "ఈయన పొద్దున్నే తాగొచ్చాడా?" అన్నాడు. అర్జంటు సారు కూడా ఎక్కడ నవ్వాలో తెలియక అన్నిచోట్లా నవ్వాడు.

అలా నవ్వుకుంటూనే బోరు దగ్గరికి దిగాం. అధికారి ఫలితాలు చూసి, "నీళ్ళు బాగున్నాయి. ఇందులో ఏమీ లేదు" అన్నాడు. అందరం కదలబోతుంటే బాబాయి ఆయనకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏటీ నేదా బాబూ?"

"లేదయ్యా."

"మరి నా ఇంటిది ఎందుకు సచ్చిపోనాదో సెప్పండి."

అర్జంటు సారు ఆయన భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీయబోయాడు. అధికారి వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అదిగో, ఆ తోట అవతలే మా పేట. ఈ దిబ్బ తగలబడి పొగలొచ్చినప్పుడు ఇక్కడే ఉన్నాం. ఈ నేల నీళ్ళే తాగినాం. దానికి కిడ్నీలు పోనాయి, దాని ఎనకాల నాకూ పోనాయి. ఈ దిబ్బే తినేసినాదనుకున్నాను బాబూ. దొంగని కళ్ళ ముందరే ఉంచుకుందామనీసి ఈ కాపలాకి వచ్చినాను. ఏనాటికైనా ఈ పాప సీసాలో ఏదో ఒకటి దొరుకుతాది, అప్పుడు దీని మీద ఉమ్మేసి ఎల్లిపోదామనుకున్నాను. మీరేమో ఏటీ నేదంతన్నారు."

నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ నేను మొహం వెలిగించుకుని తెచ్చిన శుభవార్త ఆయనకి ఏమయ్యేదో.

అధికారి ఫలితాల కాగితం మడిచాడు. "నాకు తెలియదు పెద్దాయనా" అన్నాడు. "నీకు అబద్ధం చెప్పను. ఆ జబ్బు ఎందుకొస్తుందో ఎంతోమంది వెతుకుతున్నారు, ఎవరికీ ఇంకా తేలలేదు. దిబ్బే లేని ఊళ్ళలో కూడా వస్తోంది కదా."

"అవును బాబూ. మా మరదలు డొంకూరు కాడ, సముద్రం ఒడ్డున. అక్కడ సెత్తా నేదు, ఏటీ నేదు. అదీ పోనాది" అని బాబాయి తప్పుకుని దారిచ్చాడు. అధికారి జీపు వెళ్ళిపోయాక అర్జంటు సారు మమ్మల్ని తిట్టడం మరిచిపోయి, గేటు దగ్గర ఒక టీ తాగి వెళ్ళిపోయాడు.

తరవాతి ఫలితాలు వచ్చిన రోజున, పలాసలో బస్సు దిగి నడిచినంతసేపూ నేను ఒక అబద్ధాన్ని తయారు చేసుకున్నాను. ఏదో ఒక లోహం పేరు చెప్తే పోలేదా, ఆయనకి కోప్పడటానికి ఒకటి దొరుకుతుంది కదా అనిపించింది. బాబాయి గేటు దగ్గరే ఉన్నాడు, కానీ ఈసారి ఆయనేమీ అడగలేదు. నేనే అన్నాను.

"బాబాయ్, ఈసారి కొంచెం... ఏదో ఉన్నట్టుంది."

ఆయన నా మొహంలోకి చూసి పకపకా నవ్వాడు. "ఓలమ్మో! నీకు అబద్ధం రాదే పిల్లా. ముక్కు ఎర్రగా అయిపోతన్నాది."

నాకు ఏడుపొచ్చింది. ఆయన నన్ను గేటు పక్కనున్న కాపలా షెడ్డు అరుగు మీద కూర్చోబెట్టి, తనూ పక్కన చతికిలబడ్డాడు.

"వద్దులే అమ్మీ. ఆ బాబు ఎల్లినకాడ నుంచీ ఆలోసిస్తన్నాను. మా ఇంటిదానికి ఒంట్లో బాగోనప్పుడు నీళ్ళు నానే తోడినాను, నానే గలాసుతో పట్టినాను. డాకటరు కొద్దిగానే తాగమన్నా, 'ఇంకో గుక్క' అనీసి బతిమాలేది. దొంగసాటుగా ఇచ్చేవోడిని. ఈ నీళ్ళలో ఇసం ఉందని నువ్వు సెప్పినావనుకో, అది నా సేత్తో నాను పోసినట్టే కదా? నేదంటే మంచిదే. నేదనే సెప్పు."

"లేదు బాబాయ్" అన్నాను.

"మళ్ళీ సెప్పు."

"లేదు. నీళ్ళు బాగున్నాయి."

ఇప్పటి నీళ్ళు బాగున్నంత మాత్రాన అప్పటి నీళ్ళు కూడా బాగున్నట్టు కాదు. నా చదువు నాకు ఆపాటి నేర్పింది. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు, ఇప్పటికీ చెప్పనందుకు విచారం లేదు.

ఆ వానాకాలంలోనే బాబాయి పోయాడు. మిషను మీద ఉండగానే, పక్క మంచం ఆయనతో ఏదో వేళాకోళం ఆడుతూ ఆడుతూ ఆగిపోయాడట. నేను పొద్దున్న గేటు దగ్గరికి వెళ్ళేసరికి తాళం వేసి ఉంది, వాళ్ళ అల్లుడు తాళంచెవి తెచ్చి ఇచ్చి కబురు చెప్పాడు. అర్జంటు సారు ఫోను చేసి, ఆ మాట ఎత్తకుండా, "ఈ రోజు సెలవు పెట్టుకోమ్మా" అన్నాడు. నేను పెట్టుకోలేదు. ఇంటికెళ్ళి చెప్పాలంటే ముందు పెరట్లో నిలబడాలి, మాట పూర్తికాకుండానే నెత్తిన నీళ్ళు పడతాయి. దానికంటే దిబ్బ మీద కూర్చోవడమే నయమనిపించింది.

వాన వెలిసి గడ్డి మెరుస్తోంది. వాలు మీద కూర్చుని ఏడుస్తున్నాను. ఇంతలో కింద ఒక కారు ఆగి, అందులోంచి జరీ చీరలో ఒక అమ్మాయి, కొత్త సూటులో ఒక అబ్బాయి, కెమెరా వేసుకుని ఒకాయన దిగి, తెరిచి ఉన్న గేటులోంచి తిన్నగా పైకి వచ్చేశారు. సోంపేటవాళ్ళట. పెళ్ళికి ముందు ఫొటోలట. "మేడమ్, ఈ కొండ పేరేటండీ? బలేగున్నాది" అంది ఆ అమ్మాయి. బయటివాళ్ళని లోపలికి రానివ్వకూడదు, అది నిబంధన. పంపేయడానికే లేచి నిలబడ్డాను. కానీ ఆ పిల్ల చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, తడిగడ్డిలో చెప్పులు విప్పేసి, అంత సంబరంగా నా జవాబు కోసం చూస్తుంటే, "కొత్తగా వచ్చిన కొండ, ఇంకా పేరు పెట్టలేదు" అన్నాను.

కెమెరా ఆయన నన్ను అక్కడి పనిమనిషిననుకున్నట్టున్నాడు. వెండిరంగు అట్టలాంటిదొకటి నా చేతిలో పెట్టి, "ఎండ ఆళ్ళ మొకం మీద పడేలా పట్టుకో అక్కా" అన్నాడు. పట్టుకున్నాను. ఎంత ఆపుకున్నా కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆ అమ్మాయి అది చూసి, పెళ్ళికొడుకుని మోచేత్తో పొడిచి, "సూడు, మనల్ని సూసి మేడమ్ కూడా ఏడిసేత్తన్నారు" అంది. అబ్బాయి సిగ్గుపడ్డాడు. నేను ముక్కు చీదుకుంటూ, ఆ అట్టని ఇంకాస్త పైకెత్తి, వాళ్ళిద్దరి మొహాల మీదా వెలుగు సరిగ్గా పడుతోందో లేదో చూస్తూ నిలబడ్డాను. ఆ జంటకి ఇప్పుడు పిల్లలు కూడా పుట్టి ఉంటారు. ఆ ఫొటోలు ఎప్పుడైనా తీసి చూపించేటప్పుడు, వెండి అట్ట పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చిన పిచ్చిపిల్ల మాట కూడా చెప్పుకుని నవ్వుకుంటారేమో. నవ్వుకోనీ. ఆ పిల్లని తలుచుకుంటే నాకూ నవ్వే వస్తుంది.