పెద్ద నంబరు రేకు

తడలో లారీ దిగేసరికి ఉదయం ఆరుంపావు. మూడు రోజులుగా వాన. హైవేకు తూర్పున నేల కనిపించలేదు, అంతా పులికాట్ నీళ్లే. మాది సైన్యం ఇంజనీర్ల దళంలో చిన్న ముక్క. రెండు అల్యూమినియం పడవలు, ఒక జనరేటరు, ఒక వెల్డింగ్ సెట్టు, పద్నాలుగు మంది. నేను వెల్డర్ని. సొంత ఊరి వైపు డ్యూటీ పడటం అదే మొదటిసారి. బస్సెక్కితే మధ్యాహ్నానికి నగరిలో మా ఇంట్లో ఉండొచ్చు. ఆ సంతోషం ఒక్క రోజే.

రెండో రోజు ఏడున్నరకు ఒక పడవ అడుగు చిరిగింది. వలలు కట్టడానికి జాలర్లు పాతిన గుంజలు వరదలో మునిగి కనిపించవు. చీలిక జానెడు. రెండో పడవ ఉత్తరంగా వెళ్లింది, సాయంత్రం దాకా రాదు. ఎదురుగా దిబ్బ మీద పద్దెనిమిది మంది చిక్కుకుని ఉన్నారు. నీళ్లు పెరుగుతున్నాయి.

సుబేదారు గడియారం చూసుకున్నాడు. "ఎంతసేపు?"

"రెండు గంటలు, సాబ్."

"ఇంకా ముందే కానీ."

స్టోరు హవల్దారుది పుత్తూరు. లారీలోంచి రెండు రేకులు దింపాడు. మందం ఒకటే, నాలుగు మిల్లీమీటర్లు. ఒకదాని మీద 5083, ఇంకోదాని మీద 6061 అని అచ్చు ఉంది.

"యాది గావాలప్పా? బిన్నా చెప్పు, తడస్తా ఉండాను."

సుత్తితో కొట్టి చూశాను. 5083 మీద సొట్ట పడింది. 6061 ఖంగుమంది. పైగా నేను మగ్గాల ఇంట్లో పుట్టినవాణ్ణి. మా నాయన నూలు కొనేటప్పుడు నలభై నంబరు పక్కకు నెట్టి అరవై నంబరు తీసుకునేవాడు. "నంబరు పెరిగేకొద్దీ సరుకు మేలురా" అనేవాడు.

నూలుకు అది నిజం. రేకుకు నంబరు అందులో కలిపిన లోహాల జాతి పేరు మాత్రమే. 6061 గట్టిదే, బోల్టులతో బిగించినంతకాలం. వెల్డింగ్ వేడి తగిలితే అతుకు పక్కనే సత్తువ పోతుంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. పడవ అడుగుకు, ఉప్పునీటికి 5083 వాడాలి. ట్రైనింగులో ఇదంతా చెప్పారు. నా చేత్తోనే రాసుకున్నాను. ఆ నోటుపుస్తకం క్యాంపులో పెట్టెలో ఉంది. తలలో మాత్రం మా నాయన ఉన్నాడు.

"అరవైదే ఇయ్యన్నా" అన్నాను.

టార్పాలిన్ కింద గంటా నలభై నిమిషాలు పట్టింది. ఇప్పటికీ చెబుతాను, అంత మంచి అతుకు నేను మళ్లీ వేయలేదు.

దారి చూపడానికి పక్కనున్న జాలర్ల కుప్పం నుంచి ఒకతను వచ్చాడు. గుంజలు ఎక్కడెక్కడ ఉన్నాయో అతనికే తెలుసు. అతని భార్య కూడా వెంట వచ్చింది. అతుకు చూపి నన్ను అడిగింది.

"ఇది తాంగుతాదా అప్పా? నడిమధ్యలో ఇడిసిపెట్టదు కదా?"

"తాంగుతాదక్కా. పెద్ద నంబరు రేకు ఏసినాను."

జాలరి నవ్వాడు. "మిలిటరీవోళ్ల పని అది. నువ్వు గమ్మునుండు" అని ఎక్కి కూర్చున్నాడు.

పదింటికి బయలుదేరారు. తొలి విడతలో తొమ్మిది మందిని క్షేమంగా దింపారు. రెండో విడతలో, పదకొండున్నరకు, రేడియో పలికింది. పడవ నడిపే నాయక్ గొంతు.

"అడుగు నుంచి నీళ్లు. అతుకు దగ్గర. పదకొండు మంది ఉన్నాం. ఓవర్."

"తోడండి. ఒడ్డు ఎంత దూరం? ఓవర్" అన్నాడు సుబేదారు.

"కనిపిస్తోంది. బరువు ఎక్కువైంది. ఓవర్."

నా దగ్గర సుత్తి ఉంది, గ్యాసు ఉంది, 5083 రేకు ఉంది. పడవ లేదు. నీళ్లలోకి నడుం లోతు దాకా వెళ్లి నిలబడ్డాను. అక్కడి నుంచి చేయగలిగింది ఏమీ లేదు. ఏడుపొచ్చింది. సుబేదారు ఎదుటే ఏడ్చాను.

మళ్లీ నాయక్. "జాలరి దూకేశాడు. బరువు తగ్గాలంటాడు. గుంజ పట్టుకుని ఉంటాడట. ఓవర్."

పడవ చేరింది. పది మంది దిగారు. సాయంత్రం రెండో పడవ వెళ్లి వెతికింది. మరునాడూ వెతికింది. నీళ్లు కాస్త తీసి గుంజలే కనిపించాయి.

తప్పు నాదేనని సుబేదారుకు చెప్పాను. పై అధికారికి రాసిచ్చాను. "మళ్లీ గుంజ తగిలి ఉంటుంది. నీ వెల్డింగ్ చూశాం, ఒక్క లోపం లేదు" అన్నాడాయన. శిక్ష వేసి ఉంటే మోసేవాణ్ణి. ఆయన భుజం తట్టి పంపాడు.

ఆరో రోజు సామాను సర్దుకున్నాం. సర్వీసు ముగిశాక నగరికి వచ్చేశాను. ఇప్పుడు పవర్‌లూముల ఇనుప ఫ్రేములు అతుకుతుంటాను. నాయన ఇంకా నంబరు చూసే నూలు కొంటాడు. ఆయనకు ఈ సంగతి చెప్పలేదు. ఆయన చెప్పింది నూలు గురించే కదా.

మీరు వరద గురించి అడుగుతారు. నాకు గుర్తొచ్చేది వరద కాదు. ఆ మధ్యాహ్నం పడవను ఒడ్డున బోర్లించాం. చీలిక అతుకులో లేదు. దాని పక్కనే, దారం పట్టి గీసినట్టు తిన్నగా ఉంది. జాలరి భార్య వచ్చి వంగింది. అతుకు మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమింది. తర్వాత తల ఎత్తి, ఏడుస్తున్న నన్ను చూసి, ఓదార్పుగా అంది.

"నీ అతుకు అట్నే ఉండాది సూడప్పా. దానికేం కాలేదు."