ఎడంపక్క

మా నాయనకు కోపం రాని రోజు లేదు. ఆ కోపమంతా అమ్మ మీదే. ఇద్దరూ మోపెడ్ మీద, అరవనాట మా ఇల్లున్న లాస్‌పేట నుంచి బాహూరుకు, మా వరిమడి చూసుకోవడానికి పోయేవాళ్లు. వెనక కూర్చున్న అమ్మ దారి పొడుగునా "ఎడంపక్క సైకిలు... ఎడంపక్క మేక" అంటూనే ఉండేది. "నోరు మూసుకోని కూచోవే, నాకు కండ్లు లేవా?" అని ఆయన నడిరోడ్డు మీదే అరిచేవాడు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను పుట్టింటికి వచ్చి ఉండగా, ఒక ఉదయం ఆయన ఒంటరిగా బయల్దేరి, మా వీధి చివర ఆగి ఉన్న తోపుడుబండిని గుద్దుకొని వచ్చాడు. ఎడమ మోచెయ్యి చీరుకుపోయింది. తప్పు బండివాడిదట! పట్టపగలు, కదలకుండా నిలబడ్డ బండిది తప్పా? నాకు ఒళ్లు మండిపోయింది. కండ్లు చూపించుకుంటే తప్ప ఇవ్వనని మోపెడ్ తాళం నా దగ్గర పెట్టుకున్నాను. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. మడి మీద కాలు పెట్టకపోతే మనిషి నిలవడని నాకూ తెలుసు, భయమూ అదే. చివరికి, "అద్దాలు మార్చుకుంటా, అంతే" అన్నాడు.

కంటి ఆసుపత్రిలో చూపు పరీక్షించే అమ్మాయిది యానాం. మా తెలుగు వినగానే ఆమె ముఖం విప్పారింది. "మనవాళ్లేనా బాబాయిగారూ!" అంటూ గోడ మీది అరవ అక్షరాల అట్ట తీసేసి, బీరువా వెనక నుంచి తెలుగు అట్ట వెతికి తెచ్చి తగిలించింది. మావన్నీ అరవ చదువులు; ఇంట్లో తెలుగు మాట్లాడటమే, చదవడం ఎవరికీ రాదు. నేనూ పెళ్లై నెల్లూరు వచ్చాకే నేర్చుకున్నాను. ఊరుగాని ఊరి ఆడపిల్ల ముందు ఆ మాట చెప్పుకోవడం నాయనకు నామోషీ.

"పై వరుస చదవండి బాబాయిగారూ."

"కనపడల్యా."

పై వరుసలో పిడికిలంత అక్షరం. ఆ అమ్మాయి ముఖం రంగు మారింది. రెండో కంటికీ అదే జవాబు. అప్పుడు అమ్మ నోరు విప్పింది. "అయ్యో పాపా, ఆయనకు తెలుగు ఎళుత్తు రాదు. అరవం పెట్టు."

అరవ అట్ట రాగానే ఒక్కో కంటితో అడుగు వరుస దాకా గడగడా చదివేశాడు. అందరం నవ్వాం. నాకైతే ప్రాణం లేచొచ్చింది. "జూసినావా? కండ్లకు ఏమీల్యా. తాళం ఇయ్యి" అని చెయ్యి చాపాడు. నేను సంచిలో చెయ్యి పెట్టాను.

"ఆ మోచేతికి ఏమైందండి?" అంది ఆ అమ్మాయి.

ఎడంపక్క ఆగిన బండిని గుద్దుకున్నాడని చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది. "ఒక్క నిమిషం కూర్చోండి బాబాయిగారూ. ఎదురుగా ఉన్నది బాగానే చదివారు. పక్కనున్నది కనిపిస్తుందో లేదో ఈ అట్ట చెప్పదండి."

ఆయన విసుక్కుంటూ కూర్చున్నాడు. ఆమె ఎదురుగా కూర్చొని, ఆయన కుడి కన్ను మూయించి, తన ముక్కు వంకే చూడమంది, వేళ్లు కనిపించగానే చెప్పమంది. చేతిని ఆయన ఎడం చెవి దగ్గర్నుంచి, వేళ్లు ఆడిస్తూ, మెల్లగా ముందుకు తెచ్చింది. నాయన పలకలేదు. ఇంకాస్త ముందుకు తెచ్చింది. చెప్పు నాయనా, చెప్పు, అని నేను లోపల మొత్తుకుంటున్నాను. చెయ్యి దాదాపు ముఖానికి ఎదురుగా వచ్చేసింది.

"ఎడంపక్క!" అని వెనక నుంచి అమ్మ అరిచింది. "ఎడంపక్క ఉండాది, జూడు!"

నాయన గబుక్కున తల తిప్పాడు. "ఏందే? యాడ?"

ఆ అమ్మాయి మమ్మల్ని లోపలి గదికి తీసుకుపోయింది. పరీక్షలు చేసి, నీటికాసులు అంది అక్కడి డాక్టరమ్మ. కంటిలో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందట. నొప్పి ఉండదు, నడిమి చూపు చాన్నాళ్లు నిలుస్తుంది, అందుకే ఎవరికీ తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలింది నిలవాలంటే బతికినన్నాళ్లూ చుక్కల మందు వేసుకోవాలి. బండి నడపకూడదు.

నాయన అమ్మ వంక చూశాడు. "నీకు తెలుసునా?"

"నాకేం తెలుసు? నువ్వు జూడకుండా పోతావుంటే, భయమేసి చెప్తా వచ్చినా."

ఆ వారమే బస్సెక్కి మడికి పోయాం. పొలం దారిలో అమ్మ ఆయనకు ఎడంపక్క నడిచింది. "ఎడంపక్క కాలవ... ఎడంపక్క ముండ్లు." ప్రతి మాటకూ ఆయన "శరి" అన్నాడు. ఒక్కసారి, ఒక్కసారైనా నోరు మూసుకోమని అరిస్తే బాగుండునని నాకు ఏడుపొచ్చింది.