ఫహ్మీ మాట, ఇన్షిరా నవ్వు

కైరోలో నాటకాలవాళ్ళ పెళ్ళాలు రెండు రకాలు. మొగుడి నాటకం చూడనివాళ్ళు, చూసి ఇంటికొచ్చాక దులిపేవాళ్ళు. ఇన్షిరా రెంటిలోనూ చేరదు. ఆవిడ చూసి నవ్వేది. ఆ నవ్వే ఇన్నేళ్ళ తర్వాత మా కొంప ముంచింది.

మాది పాత అరబ్బీ నాటకాలను పరిశోధించి భద్రపరిచే చోటు. చిరిగిన పోస్టర్లు, సెన్సారు ముద్ర పడిన రాతప్రతులు, బూజుపట్టిన టేపులు మా ఆస్తి. డాక్టర్ లమీస్ మా పెద్ద. నాటకమంటే ప్రాణమిస్తుంది గానీ, ఎంత హాస్యనాటకం విన్నా ఆవిడ పెదవి కదలగా నేను చూడలేదు. నేను పెట్టెలకు చీటీలు అంటిస్తాను, మిగతా సమయమంతా తుమ్ముతాను.

ఇన్షిరాది తంతా అనే ఊరు. మేనమామ తీసుకొచ్చి ఓ నాటక కంపెనీలో దుస్తులు ఇస్త్రీ చేసే పనిలో పెట్టాడు. ఫహ్మీ అక్కడే దొరికాడు. హోటల్లో నడిచే కథతో ఓ నాటకం, అందులో పాషా అనే పెద్ద దొరకు ట్రే పట్టుకొచ్చే వెయిటరు వేషం అతనిది. నాటకం మొత్తానికి అతనికున్నది ఒకటే మాట: "కాఫీ, పాషాగారూ." అంత చిన్న వేషగాణ్ణి ఎందుకు చేసుకున్నావని ఆవిణ్ణి అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది.

"పెద్ద వేషాలవాళ్ళు ఇంట్లో కూడా ఆపరు నాయనా. మాకు మాట్లాడే వంతు ఎప్పుడొస్తుంది?"

పెళ్ళయ్యాక ఫహ్మీకి ఓ పిచ్చి పట్టుకుంది. రాసిచ్చిన మాట వదిలేసి పూటకో కొత్త మాట అనడం మొదలెట్టాడు. ఇది మా హాస్యనటులందరికీ పుట్టుకతో వచ్చిన జబ్బే, అందులో వింతేం లేదు. కాకపోతే మిగతావాళ్ళు హాలంతా నవ్వాలని అనేవారు, ఫహ్మీ ఒక్కమనిషి కోసం అనేవాడు. ఇస్త్రీ ముగించుకొచ్చి మూలకుర్చీలో కూర్చునే పెళ్ళాం నవ్వితే అతనికి ఆ పూట పండగ. మేనేజరు తిట్టాడు, పనిలోంచి పీకేశాడు, వెయిటరేడని జనం గోల పెడితే గొణుక్కుంటూ మళ్ళీ పెట్టుకున్నాడు.

ఫహ్మీ పోయి చాలాకాలమైంది. పిల్లల్లేరు. ఫొటోలున్నాయి గానీ గొంతు ఎక్కడా మిగల్లేదు. అలాంటిది ఒక ముసలి రేడియో ఉద్యోగి మంచం కింద ఆ హోటలు నాటకం టేపు బయటపడి మా దగ్గరికొచ్చింది. కబురు తెలిసిన మర్నాడే ఇన్షిరా దిగింది. చేతిలో వేడివేడి తామియా వడల పొట్లం, కళ్ళకు కొత్త కాటుక.

"ఆయన మాట ఒక్కటి వినిపించండి. వడలు మీవి" అంది.

మా సౌండు ఇంజనీరు హైథమ్ టేపు తిప్పాడు. పాషా వెయిటర్ని పిలిచాడు. బూట్ల చప్పుడైంది. ఫహ్మీ నోరు తెరిచాడో లేదో, హాల్లోంచి ఓ ఆడమనిషి నవ్వు పగిలింది. ఆ నవ్వులో ఫహ్మీ మాట కొట్టుకుపోయింది.

"ఎవరండీ ఈ తల్లి? మైకు మింగేసినట్టుంది!" అన్నాడు హైథమ్.

ఇన్షిరా లేచి యంత్రాన్ని ఒక్క దెబ్బ వేసింది. "నోర్ముయ్యవే దిక్కుమాలినదానా! ఆయన్ని మాట్లాడనీ!" తర్వాత మావైపు తిరిగి, "నేనే" అంది.

హైథమ్ నవ్వును చెరిపేసి చూశాడు, పల్చన చేసి చూశాడు. "రెండు గొంతులూ అతుక్కుపోయాయి పిన్నీ. నిన్ను తీస్తే ఆయనా పోతున్నాడు" అని చేతులెత్తేశాడు.

ఆ నాటకాన్ని మేం పుస్తకంగా అచ్చుకు పంపాల్సిన రోజులవి. డాక్టరమ్మ ఓ దారి చెప్పింది. "సెన్సారు ప్రతిలో ఉన్నదే వేసేద్దాం పిన్నిగారూ. ‘కాఫీ, పాషాగారూ.’"

"ఆయన స్టేజీ మీద అనని మాట ఏదన్నా ఉంటే అదొక్కటే! పోయినవాడు అడగడని దాన్నే ఆయన నోట్లో కుక్కుతావా?"

"మరి ఏమన్నారో చెప్పండి. అదే వేస్తాను. వినే కదా నవ్వారు?"

"మొదటి ముక్కకే నవ్వేదాన్నమ్మా. మిగతాది ఇంటికొచ్చాక చెప్పేవాడు. పూటకొకటి. ఈ టేపులో ఉన్న పూటది ఏదో ఎలా చెప్పను?" ఆవిడ వడలు కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది. నాకూ ఆ పూట వడ సహించలేదు. తిన్నాననుకోండి.

మర్నాడు మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో కాదు, నోట్లో ఉంది సరుకు.

"‘పాషాగారూ, కాఫీ దారిలో చల్లారింది. వేడిగా ఉందేమోనని నేను తాగి చూశాను.’ ఇది బావుందా? ఇంకోటి. ‘పాషాగారూ, కాఫీ అయిపోయింది, కప్పు మాత్రం ఘుమఘుమలాడుతోంది.’ ఇది ఇంకా బావుంటుంది. ‘ముందు బిల్లు చూడండి పాషాగారూ, తర్వాత కాఫీ అక్కర్లేదు, నిద్ర దానంతటదే పోతుంది.’"

డాక్టర్ లమీస్ పకపకా నవ్వింది. నేను చీటీల జిగురు ఒలకబోసుకున్నాను. "ఇదే వేద్దాం!" అని ఆవిడ కలం తీసింది కూడా.

ఇన్షిరా మాత్రం టేపు మళ్ళీ పెట్టమంది. కళ్ళు మూసుకుని విని, తల అడ్డంగా ఊపింది.

"వద్దమ్మా. ఒకటి ఆయనది, రెండు నేను కల్పించినవి. ఏదైనా సరే, వీటికి నేనలా నవ్వను. విను, ఊపిరాడక చస్తోంది ఆ పిల్ల. ఆయన అన్నది వేరే ఏదో. అది పోయింది." అని తలగుడ్డ కొసతో కళ్ళొత్తుకుంది. కాటుకంతా చెదిరింది. హైథమ్ టేపు ఆపాడు.

పరిశోధకుల అచ్చుప్రతిలో ప్రేక్షకుల పేర్లు వేసే ఆచారం లేదు. డాక్టరమ్మ ఆ ఆచారాన్ని తానే మాకు నూరిపోసింది. అలాంటి మనిషి సెన్సారువాళ్ళ మాట కొట్టేసి, పక్కన రాసి, పైకి చదివింది.

"‘ఫహ్మీ ఏదో అంటాడు. హాల్లో ఇన్షిరా నవ్వుతుంది.’"

ఇన్షిరా ఇంకోసారి చదవమంది. చదివింది.

"తప్పు రాశావు" అంది.

డాక్టరమ్మ కలం ఆగిపోయింది. "ఏం తప్పు పిన్నిగారూ?"

"‘చాలాసేపు’ అని రాయలేదు."