చెవికి అందని చెయ్యి

మా సారు పోయారు. గురువారం పొద్దున జనగామ నుంచి ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "తమ్మీ, బాపు పోయిండు. నీకు చెప్పుమని అమ్మ అన్నది." నేను "సరే అన్నా" అని పెట్టేశాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో జనగామ బస్సెక్కాక కూడా తేల్చుకోలేకపోయాను.

మరిపెడ దగ్గర మా తండా బడిలో అయిదు తరగతులకూ ఆయనొక్కరే. సుద్దముక్కలు చొక్కా జేబులో వేసుకునేవారు. ఏ రంగు చొక్కా అయినా జేబు మాత్రం తెల్లగా ఉండేది. పలక మీద అక్షరం వంకర పోతే కొట్టేవారు కాదు. వేలితో తుడిచేసి, "రాసింది ఉంటదిరా. మనం పోయినా ఉంటది. సూసి రాయాలె" అనేవారు. ఆ మాట తిరిగి తిరిగి ఆయన మెడకే చుట్టుకుంటుందని అప్పుడెవరికి తెలుసు?

మా తండాలో పుట్టిన తేదీలు ఎవరికీ ఉండేవి కావు. వడగండ్లు పడ్డ ఏడు, బోరు ఎండిన ఏడు, అంతే. అందుకని బడిలో చేర్చుకునేటప్పుడు సారు ఒక పరీక్ష పెట్టేవారు. కుడిచేతిని తల మీదుగా తెచ్చి ఎడమచెవి పట్టుకోవాలి. అందితే అయిదేళ్లు నిండినట్టే. రిజిస్టరులో జూన్ నెలలో ఏదో ఒక తేదీ పడేది. మీ తండా ఆడవాళ్లంతా జూన్‌లోనే కంటారా అని కాలేజీలో ఒక లెక్చరర్ ఎగతాళి చేశాడు కూడా.

నేను శివరాత్రికి జరిగే కురవి జాతర అయిన మూడో రోజు పుట్టానని మా యాడి లెక్క. యాడి అంటే మా అమ్మ. నన్ను బడికి తీసుకుపోయేనాటికి నాకు మూడేళ్లు దాటి మూడు నెలలు. తను పత్తి గింజలు పెట్టడానికి కూలికి పోవాలి, ఇంట్లో చూసేవాళ్లు లేరు. "సారూ, నీ కాల్మొక్త. పోరడు ఒక్కడే ఉంటె బాయి కాడికి పోతడు. జర రాసుకో" అని బతిమాలింది. నా వేళ్లు చెవికి బెత్తెడు దూరంలోనే ఆగిపోయాయట. సారు నా తలను మెల్లగా పక్కకు వంచి, మోచెయ్యి పట్టి లాగారు. చెవి తగిలింది. "అందింది, పో" అన్నారు. ఈ కథను యాడి ఏళ్ల తరబడి నవ్వుతూ చెప్పుకుంది.

నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. మేం మహబూబాబాద్ రోడ్డు మీద బైఠాయించాం. ఎవరో విసిరిన రాయికి బస్సు అద్దం పగిలింది. పరుగెత్తలేనివాళ్లం దొరికిపోయాం. నాకు పదిహేడు కూడా నిండలేదు. పదో తరగతి మెమోలో మాత్రం పద్దెనిమిది దాటి నాలుగు నెలలు.

వకీలు యాడికి విడమరిచి చెప్పాడు. "పద్దెనిమిదికి ఒక్క రోజు తక్కువున్నా పిల్లల బోర్డు ముందటికి పోతడమ్మా. బేడీలుండయి, జైలుండది. కని మెమో ఉంటె మెమోనే సూస్తరు. అది లేకుంటెనే డాక్టర్ల పరీక్ష." నా పక్కనే దొరికిన మా పెదనాన్న కొడుకు నాకంటే ఏడాది పెద్దవాడు. బడి ముఖం చూడనివాడు. వాడికి కాగితం లేదు కనుక డాక్టర్లు ఎముకలు చూసి మైనరని రాసిచ్చారు. వాడు ఇంటికి పోయాడు, నేను పెద్ద జైలుకు పోయాను. చదువుకున్న పాపం అంటే ఇదే.

సారు ఎవరూ పిలవకుండానే కోర్టుకొచ్చారు, రిజిస్టరు చంకలో పెట్టుకుని. "అయ్యా, గిది నేనే తప్పు రాసిన. పిలగానికి అప్పుడు నాలుగేండ్లు సుత లెవ్వు" అన్నారు.

"అయితే మీ రిజిస్టరంతా అబద్ధమేనా?" అని సర్కారు వకీలు అడిగాడు.

అవునంటే తండా పిల్లలందరి సర్టిఫికెట్లూ గంగలో కలుస్తాయి. సారు "గీ ఒక్కటే" అన్నారు.

"ఈ ఒక్కటే ఎలా గుర్తుంది?"

"వాని తల వంచింది నేనే కాబట్టి."

కోర్టు నమ్మలేదు. రాసిందే నిలిచింది. తప్పు రాశానని ఒప్పుకున్నందుకు ఆయనకు పైనుంచి నోటీసు వచ్చింది. బెయిలు దొరికేదాకా నాకు నలభై రోజుల జైలు. అక్కడేం జరిగిందో ఇక్కడ రాయను. ఒక ముసలి ఖైదీ మాత్రం "గీ పోరన్ని గిక్కడెందుకు ఏసిండ్రు?" అని రోజూ కాపలావాళ్లతో కొట్లాడేవాడు. చదువురాని ఆ ముసలాయన కంటికి కనిపించింది చట్టానికి కనిపించలేదు.

సారు పల్లీపట్టీలు పట్టుకుని రెండుసార్లు ములాఖత్‌కు వచ్చారు. రానని చెప్పి పంపాను. ఆ తర్వాత ఆయన తండాలన్నీ తిరిగారని విన్నాను. పసిపిల్ల కనిపిస్తే చాలు, "పంచాయితీల రాయించిండ్రా? అసలు తేదీనే రాయించుండ్రి" అని వెంటపడేవారట. కొందరు ఆయనకు మతి చలించిందన్నారు. ఈ నాలుగు ముక్కలు రాయడం నాకు నేర్పింది ఆయనే. నన్ను జైల్లో వేయించిన రాత కూడా ఆయనదే. రెండూ నిజమే. ఒకదానికి ఇంకొకటి చెల్లు కాదు.

ఈ ఏటి కురవి జాతరకు నాకు నిజంగా పద్దెనిమిది నిండాయి. కేసు ఇంకా నడుస్తోంది. రాష్ట్రం ఇంకా రాలేదు.

జాతరకు ముందు, సారుకు పక్షవాతం వచ్చిందంటే యాడి పోరు పడలేక జనగామ వెళ్లాను. కుడిపక్క పడిపోయింది, మాట లేదు. నన్ను చూడగానే ఎడమచేత్తో తన కుడిచేతిని పట్టుకుని, ఎంతో కష్టపడి తల మీదికి ఎక్కించుకున్నారు. ఎడమచెవి అందుకోవాలని చూశారు. వేళ్లు చెవికి బెత్తెడు దూరంలో ఆగిపోయాయి. నా వైపే చూస్తున్నారు.

ఆయన తల కాస్త వంచితే అందేది. నేను వంచలేదు.

ఆ చెయ్యి అలాగే నెత్తి మీద ఉండిపోయింది. కాసేపటికి సారు భార్య వంటింట్లోంచి వచ్చి, దాన్ని తీసి దుప్పటి మీద పెట్టారు.